లీ యూ: అపోహలు - వాస్తవాలు

చైనా నాటక సాహిత్యం పాఠంలో నాటక రచయిత లీ యూ (1611-1680) పేరు ఎత్తగానే ఎవరో ఒకరు "ఆయన రాజు కదండీ?" అంటారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: లీ యూ అంటే రాజ్యం పోగొట్టుకుని కవితలు రాసుకున్న రాజు.

ఆ రాజు వేరు. దక్షిణ టాంగ్ చివరి పాలకుడు, 10వ శతాబ్దం మనిషి. చైనా లిపిలో ఇద్దరి పేర్లకూ అక్షరాలు వేరు, మన లిపిలోకి వచ్చేసరికి ఒకటైపోయాయి. ఈ లీ యూకి రాజ్యం కాదు కదా, సర్కారు ఉద్యోగం కూడా దక్కలేదు. ఆ ఉద్యోగానికి దారితీసే పై స్థాయి పరీక్ష తప్పాడు. 1644లో మింగ్ వంశం కూలాక ఆ దారే వదిలేసి, హాంగ్‌జౌలోనూ నాన్‌జింగ్‌లోనూ కలం మీద బతికాడు.

అపోహ: ఆ కాలం నాటకాలు పండితులు చదువుకోవడానికి రాసినవి.

చాలామంది అలాగే రాశారు, నిజమే. లీ యూ మాత్రం దాని మీద పోరాడాడు. 1671లో అచ్చయిన 'షియాన్‌చింగ్ ఔజీ' అనే వ్యాసాల పుస్తకంలో నాటక రచనకు ఒక శాస్త్రమే కట్టాడు. అందులో మొదటి స్థానం పాటకు కాదు, నిర్మాణానికి. నాటకం రాయడం బట్ట కుట్టడం లాంటిదంటాడు: ముందు నిండు గుడ్డను ముక్కలు చేస్తాం, తర్వాత ఆ ముక్కల్ని అతుకుతాం. కత్తిరించడం తేలిక, కుట్టడమే కష్టం. చదువు రానివాళ్ళకూ, ఆడవాళ్ళకూ, పిల్లలకూ అర్థం కావాలి కాబట్టి మాట తేటగా ఉండాలన్నది ఆయన పట్టుదల. రాసేటప్పుడు చేతిలో కుంచె ఉన్నా నోరు మాత్రం రంగస్థలం మీదే ఉంటుందట. డైలాగు పైకి అనుకుని చూసి, పలికితే రాసేవాడు, పలకకపోతే ఆపేసేవాడు. నాకు ఆయన గురువైపోయింది ఈ ఒక్క మాటతోనే.

అపోహ: ఆయన కథలు వేరు, నాటకాలు వేరు.

తన కథల సంపుటికి ఆయన పెట్టిన పేరే 'మాటలేని నాటకాలు'. కొన్ని కథల్ని తనే నాటకాలుగా మలిచాడు. 'బీముయూ' అలాంటిదే. నటిని ఒక ధనికుడికి కట్టబెట్టబోతారు. ఏటి ఒడ్డున వేదిక. నీట దూకే నాయిక వేషంలో ఉన్న ఆమె, ఎదురుగా కూర్చున్న ఆ ధనికుణ్ణే పాత్ర మాటల్లో తిట్టిపోసి, నిజంగానే ఏట్లో దూకేస్తుంది. వెనకే ప్రియుడు. ఇంత సాహసమైన ఘట్టం మరొకటి నేను చదవలేదు.

అపోహ: ప్రసిద్ధమైన 'ఆవగింజ తోట' చిత్రలేఖన గ్రంథం ఆయన గీసింది.

1679లో వచ్చిన ఆ పుస్తకాన్ని కూర్చింది వాంగ్ గై. లీ యూ రాసింది ముందుమాట. తనకు బొమ్మలు చూడటమే తప్ప గీయడం రాదని అందులోనే చెప్పుకున్నాడు. 'ఆవగింజ తోట' నాన్‌జింగ్‌లో ఆయన ఇంటి పేరు. జాగా అంత చిన్నది మరి.

అపోహ: ఇంట్లో నాటక బృందం పెట్టుకున్న విలాసపురుషుడు.

విలాసం లేదని అనను. ఆ బృందంలోని అమ్మాయిలు ఆయన ఉపపత్నులు. వాళ్ళలో చియావో అనే అమ్మాయి 13 ఏళ్ళకే ఆ ఇంటికి చేరింది. దాన్ని దాచి ఆయన్ని పొగడటం నాకు చేతకాదు. చియావో స్త్రీ పాత్రలు, వాంగ్ అనే మరో అమ్మాయి పురుష పాత్రలు వేసేవారు. కాగితం మీది నాటకానికి గొంతు ఇచ్చింది వాళ్ళే. ఊరూరా తిరిగి ఆడి, ఇద్దరూ 20 నిండకుండానే పోయారు. ఆయన ఇద్దరికీ కలిపి ఒక జీవితచరిత్ర రాశాడు. అంతవరకూ వాళ్ళకు సరైన పేర్లు కూడా లేవు. పోయాక ఆయనే పెట్టాడు: ఒకరికి ఫుషెంగ్, అంటే మళ్ళీ బతికినది. ఇంకొకరికి జాయ్‌లాయ్, అంటే మళ్ళీ వచ్చినది.