అడుగుకీ నేలకీ మధ్య ఒక సెంటీమీటరు

"మా అమ్మ హాల్లో నడుస్తూ నడుస్తూ పడిపోయింది. అక్కడ తడి లేదు, అడ్డూ ఏమీ లేదు. కళ్లు తిరగలేదంటోంది. మరెందుకు పడినట్టు?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఇలాంటప్పుడు టైమ్ బాగోలేదని సరిపెట్టుకుంటారు, లేదంటే "చూసుకుని నడవొద్దా" అని ఆ పెద్దావిడకే క్లాసు పీకుతారు. టైమ్ సంగతి నాకు తెలీదు గానీ, అడ్డేమీ లేదన్న మాటను మాత్రం అంత తేలిగ్గా నమ్మను. డోర్‌మ్యాట్ మూల కాస్త పైకి లేచి ఉన్నా చాలు.

నడిచేటప్పుడు వెనక కాలు ముందుకు ఊగుతుంది కదా. ఆ ఊపు మధ్యలో బొటనవేలి కొన నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో తెలుసా? సగటున ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు. అంతే! పైగా ఆ పాదం మంచి వేగంలో ఉండేది కూడా అప్పుడే, మన నడక కంటే దాదాపు మూడు రెట్లు. కాలు ఇంకాస్త ఎత్తవచ్చుగా అంటే, ఎత్తిన ప్రతిసారీ శక్తి ఖర్చవుతుంది. శరీరం ఈ విషయంలో పరమ పిసినారి. బళ్లో గరిమనాభి (వస్తువు బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు) పాఠానికి వాలిపోయిన గోపురం బొమ్మ వేసి ఊరుకుంటారు. ప్రతి అడుగూ ముందుకు పడబోయి ఆపుకోవడమేనని చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఆ సెంటీమీటరును కాపాడేది ఒక్క పాదం కాదు. నేల మీదున్న కాలి చీలమండ, మోకాలు, తుంటి, అక్కణ్ణుంచి నడుము కింది ఎముకల మీదుగా గాల్లో ఉన్న కాలి తుంటి, మోకాలు, చీలమండ. ఇంత పొడుగు గొలుసుకు కొస ఆ బొటనవేలు. చీలమండ నుంచి వేలి కొనకు 17 సెంటీమీటర్లు అనుకుందాం. పాదం రెండే రెండు డిగ్రీలు కిందికి వంగితే కొన దాదాపు 6 మిల్లీమీటర్లు దిగిపోతుంది, అంటే ఉన్న ఖాళీలో సుమారు సగం. నిలబడిన కాలి వైపు పిరుదు పక్కనుండే గ్లూటియస్ మీడియస్ కండరం నీరసించినా అంతే. రెండోవైపు తుంటి జారుతుంది, దాంతోపాటు పాదమూ దిగుతుంది.

వయసు పైబడితే ఈ ఎత్తు బాగా తగ్గిపోతుందనుకుంటాం. నిజానికి సగటు అంతగా మారదు. అడుగుకీ అడుగుకీ మధ్య తేడా పెరుగుతుంది, అసలు చిక్కు అక్కడే. ఇద్దరిని ఊహించుకోండి. ఇద్దరి సగటూ ఒకటిన్నరే. ఒకరి అడుగులు 1.3 నుంచి 1.7 మధ్యే ఉంటాయి, ఇంకొకరివి 0.5 నుంచి 2.5 దాకా ఊగిసలాడతాయి. సెంటీమీటరు ఎత్తు లేచిన మ్యాట్ అంచు మొదటివారికి లెక్కే కాదు. రెండోవారు వందసార్లు దాటేసి, నూట ఒకటోసారి తట్టుకుంటారు. "రోజూ నడిచే చోటేగా" అనే మాటకు అందుకే విలువ లేదు.

వింతేమిటంటే, పెద్ద మెట్టు కంటే చిన్న ఎత్తే ప్రమాదం. మెట్టును కన్ను చూస్తుంది, మెదడు కాలిని ముందే ఎత్తిస్తుంది. రెండు గదుల మధ్య ఒక సెంటీమీటరు గట్టు చూపుకి ఆనదు. దాని అంచుకు నేల రంగులో కలిసిపోని పట్టీ అతికిస్తే కన్ను పట్టేస్తుంది. బైఫోకల్ అద్దాల కింది భాగం చదువుకోవడానికి చేసింది కాబట్టి, అందులోంచి చూస్తే కాళ్ల దగ్గరి నేల మసకగా కనిపిస్తుంది. నడకకు దూరపు చూపు అద్దాలు విడిగా ఉంటే మంచిది. మడమ పట్టీ లేని వదులు చెప్పులు మరీ అన్యాయం. పాదం లేచినా చెప్పు ముందు భాగం కిందికే వేలాడి, ఉన్న కాస్త ఖాళీనీ తినేస్తుంది.

1997లో స్వీడన్ పరిశోధకులు ఒక చిన్న సంగతి గమనించారు. నడుస్తుండగా పలకరిస్తే, జవాబు చెప్పడానికి ఆగిపోయే వృద్ధులు తర్వాతి నెలల్లో ఎక్కువగా పడ్డారు. నడకే వాళ్ల ధ్యాసనంతా లాగేసుకుంటోందన్నమాట. కాబట్టి నడుస్తున్న పెద్దవాళ్లను వెనకనుంచి కేకేయకండి.

తట్టుకున్నంత మాత్రాన పడిపోవాలని లేదు. నేల మీదున్న కాలు వెంటనే బలంగా తన్ని ఒంటిని నిలబెట్టాలి, ఇంకో కాలు చటుక్కున ముందుకు పడాలి. ఇదంతా సెకను లోపే జరిగిపోవాలి. వయసుతో ముందుగా అరిగేవి ఈ వేగపు కండర పోగులే. అయితే వ్యాయామంతో వాటిని చాలావరకు మళ్లీ దారికి తేవచ్చు. వైద్య పరిశోధనలను పోగేసి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 సమీక్షలో వందకు పైగా ప్రయోగాలను కలిపి చూస్తే, వ్యాయామం వల్ల పడటాలు సుమారు 23 శాతం తగ్గాయి. ఊరికే నడిస్తే చాలదు, బ్యాలెన్స్‌కు పరీక్ష పెట్టే కసరత్తులు కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గట్టి ఆధారం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ గీత మీద నడవడం, ఇలాంటివి.

మిగతావి అందరూ చెప్పేవే: బాత్రూంలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ, రాత్రి దారిలో లైటు, మంచం దిగే ముందు ఓ నిమిషం కూర్చోవడం. నిద్రమాత్రలు, బీపీ మందులు వాడుతుంటే మాత్రం ఆ చీటీ మరోసారి డాక్టరుకు చూపించండి. సొంతంగా ఆపేయొద్దు.