కొలెస్ట్రాల్ రిపోర్టు వెనక థైరాయిడ్

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువని తేలితే మన ఇళ్లలో మొదటి వేటు నెయ్యి మీద పడుతుంది. తర్వాత గుడ్డులో పచ్చసొన, ఆ తర్వాత పండగపూట గారెలు. కొన్ని నెలలు నోరు కట్టుకుని మళ్లీ పరీక్ష చేయించుకుంటే కొందరికి ఆ అంకె పెద్దగా కదలదు. "చాటుగా తింటున్నట్టున్నావు" అని ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. నిజంగానే మానేసిన మనిషికి ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇలాంటివాళ్లలో కొందరికి అసలు తేడా మెడ దగ్గర, థైరాయిడ్ గ్రంథిలో ఉంటుంది.

కంఠమణికి కాస్త కింద, గొంతును ఆనుకుని ఉండే ఈ గ్రంథి బరువు 20 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. అది రక్తంలోకి వదిలే హార్మోన్‌లో ఎక్కువ భాగం టీ4, అంటే థైరాక్సిన్. కాలేయం లాంటి అవయవాలు దాన్ని టీ3గా మార్చుకుని వాడుకుంటాయి. గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక అన్నింటిలోనూ టీ3 చెయ్యి ఉంటుంది. అందుకే థైరాయిడ్ తగ్గినవాళ్లకు నీరసం, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, పొడిబారిన చర్మం, పొద్దున లేవగానే ముఖం ఉబ్బినట్టు ఉండటం కనిపిస్తాయి. ఈ లక్షణాల గురించి మన దగ్గర చాలామందికి తెలుసు. కొలెస్ట్రాల్‌తో ఉన్న సంబంధం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్, నిజానికి కొలెస్ట్రాల్‌ను మోసుకుంటూ రక్తంలో తిరిగే రేణువు. దాన్ని రక్తంలోంచి తీసేసే పని ముఖ్యంగా కాలేయానిది. కాలేయ కణాల పైపొర మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. రేణువు తగలగానే రిసెప్టర్ దాన్ని పట్టుకుని కణం లోపలికి తీసుకెళ్తుంది, అక్కడ వదిలేసి మళ్లీ పైపొర మీదికి వస్తుంది. ఒక్కో విడతకు పట్టేది దాదాపు పది నిమిషాలే. ఈ రిసెప్టర్‌ను కనిపెట్టి దాని గుట్టు విప్పినందుకే అమెరికాలోని డాలస్‌లో పనిచేసిన మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రిసెప్టర్లు తయారవ్వాలంటే వాటి జన్యువు చురుగ్గా ఉండాలి. దాన్ని చురుగ్గా ఉంచేవాటిలో టీ3 ఒకటి. టీ3 తగ్గితే రిసెప్టర్లు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రేణువు రక్తంలో ఎక్కువ కాలం తిరుగుతూ ఉండిపోతుంది.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం ఉంది. థైరాయిడ్ మందగించినప్పుడు శరీరం కొలెస్ట్రాల్‌ను తయారు చేసే వేగం కూడా తగ్గుతుంది. అయినా రక్తంలో అది పెరుగుతుంది. పై నుంచి పడే నీటిధార సన్నబడినా, కింద తూము అంతకంటే ఎక్కువగా పూడుకుపోతే తొట్టిలో నీళ్లు పెరుగుతూనే ఉంటాయి కదా, అలాంటిదే ఇది. నెయ్యి మానేసినా అంకె అంతగా కదలకపోవడానికి కారణం ఇదే. రక్తంలోని కొవ్వును విడగొట్టే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ కూడా మందగిస్తుంది కాబట్టి కొందరిలో ట్రైగ్లిజరైడ్లు అనే ఆ కొవ్వు కూడా పెరుగుతుంది.

మనుషుల్లోనే దీన్ని చూపించిన ఒక పరిశోధన 1981లో లండన్ నుంచి వెలువడింది. రెండు రకాల ఎల్‌డీఎల్‌కు రేడియోధార్మిక అయోడిన్‌తో గుర్తు పెట్టి రక్తంలోకి పంపారు. ఒకటి మామూలుది. రెండోదాన్ని రిసెప్టర్లు పట్టుకోలేకుండా రసాయనికంగా మార్చారు. రిసెప్టర్లు బాగా పనిచేస్తుంటే మామూలు ఎల్‌డీఎల్ త్వరగా మాయమవుతుంది, మార్చినది నెమ్మదిగా పోతుంది. ఈ రెంటికీ మధ్య తేడాయే రిసెప్టర్లు చేసిన పని. థైరాయిడ్ లోపం ఉన్నప్పుడు ఆ తేడా బాగా తగ్గిపోయింది, థైరాక్సిన్ ఇచ్చాక మళ్లీ పెరిగింది. కంటికి కనపడని రిసెప్టర్ల పనిని బతికి ఉన్న మనిషిలో ఇంత తేటగా కొలవడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

అసలు ఈ సంబంధం డాక్టర్లకు ఇంకా ముందే తెలుసు. ఇప్పటి టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్‌ను కొలిచేది) లేని రోజుల్లో, బోస్టన్ డాక్టర్లు 1930లోనే థైరాయిడ్ ఎక్కువైనవాళ్లలో కొలెస్ట్రాల్ తక్కువగా, తగ్గినవాళ్లలో ఎక్కువగా ఉంటోందని రాశారు. అప్పట్లో థైరాయిడ్ జబ్బును పోల్చుకోవడానికి కొలెస్ట్రాల్ పరీక్ష సాయపడేది. ఇప్పుడు టీఎస్‌హెచ్ పరీక్ష ఊరూరా దొరుకుతున్నా, కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి దాన్ని అడగడం మనం మరచిపోతున్నాం.

అడగడం ఎందుకంత ముఖ్యమంటే, కొలెస్ట్రాల్ ఎక్కువని దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెడతారు. థైరాయిడ్ లోపం బయటపడకుండా ఉన్న మనిషిలో స్టాటిన్ వల్ల కండరాలు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. తొడలు, భుజాలు నొప్పి పుడతాయి, మెట్లు ఎక్కడం కష్టమవుతుంది. "ఈ మాత్ర నాకు పడలేదు" అని ఆ మనిషి మానేస్తాడు. అంటే కొలెస్ట్రాల్ అలాగే ఉండిపోయింది, థైరాయిడ్ సంగతి తేలనే లేదు. ఒక్క రక్తపరీక్షతో తప్పిపోయే బాధ ఇది. కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టే ముందు థైరాయిడ్ లోపం లేదని చూసుకోమని వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో 5 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఇంచుమించు మూడో వంతు మందికి ఆ పరీక్ష చేసేదాకా ఆ సంగతి తెలియదు. ఆడవాళ్ల జబ్బు అనుకుని మగవాళ్లు పరీక్షే చేయించుకోకపోవడం కూడా చూస్తుంటాం. ఆడవాళ్లలో ఎక్కువన్నది నిజమే గానీ, మగవాళ్లకు రాదనుకోవడం పొరపాటు.

అలాగని కొలెస్ట్రాల్ పెరిగిన ప్రతిసారీ థైరాయిడ్‌ను నిందించకూడదు. టీఎస్‌హెచ్ 5, 6 దగ్గర ఉండి టీ4 మామూలుగా ఉంటే ఎల్‌డీఎల్ మీద ప్రభావం స్వల్పం. టీఎస్‌హెచ్ 10 దాటితే, అందులోనూ టీ4 పడిపోతే, కథ వేరు. అప్పుడు థైరాయిడ్ మాత్రతో ఎల్‌డీఎల్ గణనీయంగా దిగుతుంది.

లోపం లేనివాళ్లు కొలెస్ట్రాల్ తగ్గించుకోవడానికి థైరాయిడ్ మాత్ర మింగడం మాత్రం ప్రమాదం. గుండెపోటు వచ్చిన మగవాళ్లకు థైరాక్సిన్‌ను పోలిన డెక్స్‌ట్రోథైరాక్సిన్ అనే మందును 1960లలో అమెరికాలో ఇచ్చి చూశారు. కొలెస్ట్రాల్ తగ్గింది గానీ మరణాలు పెరిగాయి, ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. గుండె కూడా థైరాయిడ్ హార్మోన్ మాట వింటుంది కాబట్టి వచ్చిన చిక్కు ఇది. 2024లో అమెరికాలో ఫ్యాటీ లివర్‌లో ఒక తీవ్రమైన రకానికి అనుమతి పొందిన రెస్మెటిరోమ్ అనే మందును ఈ చిక్కు తెలిసే తయారుచేశారు. అది గుండెను వదిలి, ముఖ్యంగా కాలేయంలో ఉండే, థైరాయిడ్ హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ మీద పనిచేస్తుంది. ఎల్‌డీఎల్‌ను కూడా తగ్గిస్తుంది.

లోపం ఉన్నవాళ్లు మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. టీ, కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి సరిగా అందదు. వయసు మళ్లినవాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు చిన్న డోసుతో మొదలుపెడతారు. టీ4 సగానికి తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టీఎస్‌హెచ్ చూస్తారు.

టీఎస్‌హెచ్ సర్దుకున్నాక లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ పరీక్ష, మళ్లీ చేయించి, స్టాటిన్ కావాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు, ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్లు అంతకాలం ఆగాలో లేదో డాక్టరే చెప్పాలి, స్టాటిన్‌ను సొంతంగా ఆపేయకూడదు. థైరాయిడ్ కుదుటపడ్డాక కూడా ఎల్‌డీఎల్ 190 పైనే ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చినది కావచ్చు. అప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి.