‘గోరుచుట్టు మీద కారం’: నేతల నోట కలగాపులగమయ్యే మాటల వెనక కథ

2000 నవంబర్ 6. అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందురోజు. ఆర్కాన్సా రాష్ట్రం బెంటన్‌విల్ సభలో జార్జ్ డబ్ల్యు. బుష్ తన ప్రత్యర్థుల గురించి చెబుతూ ‘మిస్‌అండర్‌ఎస్టిమేటెడ్’ అనేశారు. అప్పటికి ఏ నిఘంటువులోనూ లేని మాట. విడదీస్తే రెండు మంచి మాటలే దొరుకుతాయి. ఒకటి అపార్థం చేసుకోవడమనే ‘మిస్‌అండర్‌స్టాండ్’, రెండోది తక్కువ అంచనా వేయడమనే ‘అండర్‌ఎస్టిమేట్’. రెండింటిలోనూ ‘అండర్’ ఉంది. మొదటి మాట మీద బయల్దేరిన నాలుక ఆ ‘అండర్’ జంక్షన్‌లో పట్టాలు మారి రెండో దాని మీదికి వెళ్లిపోయింది. 2009 జనవరిలో, పదవి దిగే ముందు జరిగిన చివరి విలేకరుల సమావేశంలో ఆయనే దాన్ని నవ్వుతూ మళ్లీ వాడారు.

నోరు జారడాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ, వాటిలో రకాలున్నాయి. ఒక మాట అనబోయి, అలాగే వినిపించే మరో మాట అనేస్తే అది మాలప్రాపిజం. షెరిడన్ 1775లో రాసిన ‘ది రైవల్స్’ నాటకంలోని మిసెస్ మాలప్రాప్ పాత్ర నుంచి వచ్చిన పేరిది. 2013 ఆగస్టులో ఆస్ట్రేలియా ప్రతిపక్ష నేత టోనీ అబాట్, ఎంత తెలివైనవారైనా సకల జ్ఞానానికీ ‘రిపాజిటరీ’ కాలేరని చెప్పబోయి ‘సపాజిటరీ’ అన్నారు. మొదటిది భాండాగారం, రెండోది మలద్వారంలో పెట్టే మందు. ఇక్కడ కలిసిందేమీ లేదు, ఒకదాని కుర్చీలో మరొకటి కూర్చుంది, అంతే.

రెండు జాతీయాలు ఒకదాంట్లో ఒకటి దూరిపోతే దానికి ‘మాలఫర్’ అని పేరు. 1976 ఆగస్టులో లారెన్స్ హారిసన్ ‘వాషింగ్టన్ పోస్ట్’ వ్యాసంలో పెట్టిన పేరిది. మాలప్రాపిజం, రూపకమనే ‘మెటఫర్’ కలిపి చేసిన మాట కాబట్టి పేరు కూడా కలగాపులగమే! ఇంగ్లిష్‌లో తరచుగా చూపే ఉదాహరణ ‘వంతెన దగ్గరికి వచ్చినప్పుడు తగలబెడదాం’. సమస్య వచ్చినప్పుడు చూసుకుందామనడానికి ‘వంతెన వచ్చాక దాటుదాం’ అంటారు. తిరిగి వెళ్లే దారి లేకుండా చేసుకోవడాన్ని ‘వంతెనలు తగలబెట్టడం’ అంటారు. వంతెన ఉమ్మడి కావడంతో క్రియ తారుమారైంది.

ఏ రెండు జాతీయాలు పడితే అవి ఇలా అతుక్కోవు. 1997లో కటింగ్, బాక్ అనే పరిశోధకులు దీన్ని ప్రయోగంలో చూశారు. తెర మీద రెండు జాతీయాలను క్షణకాలం చూపించి, కాస్త ఆగి, వాటిలో ఒకదాన్ని చెప్పమన్నారు. వాక్య నిర్మాణం ఒకేలా ఉన్న జంటలే ఒకదానికొకటి ఎక్కువగా అడ్డొచ్చాయి. తెలుగులో ఊహించి చూడండి. ‘గోరుచుట్టు మీద రోకటిపోటు’, ‘పుండు మీద కారం’ రెండూ ‘దీని మీద అది’ అనే అచ్చులోవే, రెండూ బాధ మీద బాధ గురించే. ‘గోరుచుట్టు మీద కారం’ అని వచ్చేస్తే సగంమంది గమనించరు కూడా. ‘అందని ద్రాక్షపళ్లు పుల్లన’ మాత్రం వీటి మధ్య దూరడం కష్టం. అంటే ఈ తప్పు భాష రాక చేసేది కాదు. రెండు సరైన మాటలు ఒకేసారి నోటి దాకా వస్తే జరిగేది. కాగితం చూసి చదివేటప్పుడు కంటే విలేకరుల ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబిచ్చేటప్పుడు దీనికి చోటెక్కువ.

బరాక్ ఒబామాకు జరిగింది అదే. 2013 మార్చి 1న బడ్జెట్ కోతల మీద విలేకరులతో మాట్లాడుతూ, రిపబ్లికన్లను ఒప్పించడానికి తాను ‘జెడై మైండ్ మెల్డ్’ చేయాలా అన్నారు. జెడైలు ‘స్టార్ వార్స్’ సినిమాల్లోని యోధులు, వాళ్లది ‘మైండ్ ట్రిక్’. ‘మైండ్ మెల్డ్’ ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్‌లో వల్కన్లనే గ్రహాంతరవాసులది. రెండూ ఎదుటివారి మనసులోకి చొరబడే విద్యలే, రెండింటిలోనూ ‘మైండ్’ ఉంది. బడ్జెట్ సంగతి ఎలా ఉన్నా, రెండు వర్గాల అభిమానులకూ ఆ రోజు పండగే.

ఎక్కువ దూరం వెళ్లింది మాత్రం అమెరికా రిపబ్లికన్ నేత సారా పేలిన్ మాట. 2010 జులైలో న్యూయార్క్‌లో మసీదు కట్టాలన్న ప్రతిపాదనను ‘రెఫ్యూడియేట్’ చేయాలని ఆమె ట్విటర్‌లో రాశారు. తప్పని రుజువు చేయడమనే ‘రెఫ్యూట్’కూ, తిరస్కరించడమనే ‘రెప్యూడియేట్’కూ పుట్టిన మాట అది. ఎగతాళి మొదలవగానే దాన్ని తీసేసి ‘రెఫ్యూట్’ అని పెట్టారు. ప్రతిపాదనను తప్పని రుజువు చేయడమేమిటి? దిద్దుబాటు కూడా అతకలేదు. తర్వాత, షేక్‌స్పియర్ కూడా కొత్త మాటలు పుట్టించాడని సమర్థించుకున్నారు. ఆ నవంబర్‌లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ దాన్నే ఆ ఏటి మాటగా ఎంచుకుంది. ‘తిరస్కరించు’ అనే స్థూలమైన అర్థంతో అది తన కాళ్ల మీద తాను నిలబడుతోందని వివరించింది. దాన్ని పలికినవాళ్లలో పేలిన్ మొదటివారేమీ కాదనీ చెప్పింది.