కోకీ కప్ప: అపోహలు - వాస్తవాలు

కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో దీవిలో పొద్దు వాలగానే మొదలయ్యే "కో-కీ" అరుపు ఒక చిన్న చెట్టుకప్పది. శాస్త్రీయ నామం ఎల్యూథెరోడాక్టిలస్ కోకీ. మగది సుమారు 3.5 సెంటీమీటర్లుంటుంది, ఆడది ఇంకాస్త పెద్దది. దీని గురించిన అపోహలు చాలావరకు కప్ప అనగానే చెరువు గుర్తుకురావడం వల్ల పుట్టినవే.

అపోహ: నీళ్లలో గుడ్లు పెడుతుంది. గుంటలు పూడ్చేస్తే పోతుంది.

వాస్తవం: కోకీకి టాడ్‌పోల్ (నీళ్లలో ఈదే తోకపిల్ల) దశే లేదు. ఫలదీకరణ ఆడదాని ఒంట్లోనే జరుగుతుంది. రాలి చుట్టుకుపోయిన ఆకులోనో, తాటి జాతి చెట్ల మట్ట మడతలోనో సుమారు 28 గుడ్లు పెట్టి అది వెళ్లిపోతుంది. ఆపై భారమంతా మగదే. 17 నుంచి 26 రోజులపాటు గుడ్లను అంటిపెట్టుకుని కూర్చుని, తన ఒంటి తడితో వాటిని కాపాడుతుంది. దాన్ని అక్కడినుంచి తీసేస్తే గుడ్లు ఎండిపోతాయి, లేదా వేరే కోకీలే వచ్చి తినేస్తాయి.

బాగా ఎదిగిన గుడ్డును భూతద్దంలో చూడండి. కాళ్లూ కళ్లూ ఏర్పడ్డ బుల్లి కప్ప, దాన్ని చుట్టుకుని పలుచటి వెడల్పాటి తోక కనిపిస్తాయి. తోకనిండా రక్తనాళాలే. అది ఈతకు కాదు, ఊపిరికి. పై దవడ కొసనున్న చిన్న మొనతో పొర చీల్చుకుని పిల్ల బయటికొస్తుంది. కొద్దిరోజుల్లో తోకా మొనా రెండూ పోతాయి.

అపోహ: అరుపంతా ఆడకప్ప కోసమే.

వాస్తవం: సగమే. 1976లో శాస్త్రవేత్తలు పీటర్ నారిన్స్, రాబర్ట్ కాప్రానికా తేల్చిన సంగతి ఎంతో అందమైనది: సుమారు 1.1 కిలోహెర్ట్జ్ స్థాయి "కో" పక్క మగవాటికి హెచ్చరిక, 2 కిలోహెర్ట్జ్ దగ్గరి "కీ" ఆడవాటికి పిలుపు. చెవులు కూడా అందుకు తగ్గట్టే అమరి ఉంటాయి.

అపోహ: ప్యూర్టోరికో దాటితే కూయదు, బతకదు.

వాస్తవం: 1980ల చివర్లో నర్సరీ మొక్కలతోపాటు హవాయి చేరింది. అక్కడ జనాన్ని నిద్రపోనివ్వనంతగా కూస్తోంది. అర మీటరు దూరంలో ఆ శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది.

అపోహ: సిట్రిక్ ఆమ్లం ఒకసారి చల్లితే పీడ వదులుతుంది.

వాస్తవం: హవాయిలో వాడేది 16 శాతం ద్రావణం, అంటే 10 లీటర్ల నీటికి సుమారు 1.6 కిలోల ఆమ్లం. పలుచన చేస్తే కప్పలు బతికిపోతాయి. మందు ఒంటికి తగిలితేనే పనిచేస్తుంది కాబట్టి అవి బయటికొచ్చే రాత్రివేళ చల్లాలి. వాన పడితే కొట్టుకుపోతుంది. లేత ఆకులు, పూలు మాడకుండా గంట తర్వాత మొక్కల్ని కడగాలి. మడతల్లో తడవని గుడ్లు మిగులుతాయి, అందుకే రెండు మూడు వారాలకు మళ్లీ చల్లక తప్పదు. కుండీ మొక్కలకైతే 45 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లు కనీసం 3 నిమిషాలు ధారగా పోయడం మేలు.

అపోహ: కోకీ దోమల్ని తగ్గిస్తుంది.

వాస్తవం: హవాయిలో దాని తిండి ఎక్కువగా చీమలు, ఆకుచెత్తలోని చిన్న జీవులు.

అపోహ: ఇన్ని ఉన్నాయి కాబట్టి ప్యూర్టోరికో కప్పలకు ఢోకా లేదు.

వాస్తవం: కోకీ పేరుతో అక్కడ చాలా జాతులున్నాయి. కేయే కొండల్లో పిల్లల్నే కనే బంగారు కోకీ 1981 తర్వాత కనిపించలేదు. మామూలు కోకీకీ కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ ఫంగస్ బెడద ఉంది. వానలు లేని కాలంలో తడి ఉన్న కొద్దిపాటి సందుల్లోకి కప్పలన్నీ చేరతాయి. ఫంగస్ ఒకదాన్నుంచి ఒకదానికి సోకేది అక్కడే.