బోట్స్వానా, జాంబియా: ఎక్కడ బతుకు బాగుంది? అపోహలు - వాస్తవాలు

కుటుంబ సర్వేల లెక్కలు చూడటం నా పని. ఇంట్లో ఎంతమంది, నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు, పోయిన వారం ఏం తిన్నారు లాంటి జవాబులు వేలకు వేలు పోగేసి, జనం ఎలా బతుకుతున్నారో తేల్చుతాం. ఆఫ్రికాలో ఉద్యోగం వచ్చిన మనవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు: "అన్నా, బోట్స్వానా మంచిదా, జాంబియా మంచిదా?" రెండూ ఇరుగుపొరుగు దేశాలే. కజుంగులా దగ్గర జాంబెజీ నది మీద 2021లో ప్రారంభించిన 923 మీటర్ల వంతెన దాటితే ఇటునుంచి అటు చేరిపోతాం. అందుకే పోల్చడం తేలికనుకుంటారు.

అపోహ: తలసరి ఆదాయం ఐదు రెట్లు ఉంటే బతుకు కూడా ఐదు రెట్లు బాగుంటుంది.

వాస్తవం: బోట్స్వానా తలసరి జీడీపీ 7,000 డాలర్ల పైమాటే. జాంబియాది 1,300 డాలర్లకు అటూ ఇటూ. బోట్స్వానా జనాభా సుమారు 24 లక్షలు, అంటే హైదరాబాద్ జనాభాలో సగం కూడా కాదు. అక్కడి గనిలో వజ్రం దొరికితే దాని విలువ లెక్కలో తలకింత అని పడిపోతుంది. ఇంట్లోకి మాత్రం అలా రాదు. ప్రభుత్వ ఖజానా మీదుగా బడి రూపంలోనో, ఆస్పత్రి రూపంలోనో, పింఛను రూపంలోనో రావాలి. బోట్స్వానాలో కొంత నిజంగానే వచ్చింది. 65 దాటిన ప్రతి పౌరుడికీ పింఛను ఇవ్వడం 1996లో మొదలుపెట్టారు. అయినా అసమానతను కొలిచే గినీ సూచిక (0 అంటే అందరికీ సమానం, 100 అంటే అంతా ఒక్కరికే) అక్కడ 50 పైనే ఉంది. జాంబియాలోనూ 50 పైనే. ప్రపంచంలో ఇంత తేడాలున్న దేశాలు కొన్నే. బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో మంచి జీతగాడి ఇంటికీ, కలహారి ఎడారి అంచున పశువులు కాసే కూలీ ఇంటికీ ఉన్న దూరం ముందు రెండు దేశాల సగటుల మధ్య తేడా నాకు చిన్నదిగా కనిపిస్తుంది.

జీడీపీ అంకె ఎంత జాగ్రత్తగా వాడాలో చెప్పడానికి ఇంకో సంగతి. జాంబియా గణాంక శాఖ 2014లో లెక్కలకు కొలబద్దగా తీసుకునే ఆధార సంవత్సరాన్ని 1994 నుంచి 2010కి మార్చింది. దాంతో జీడీపీ సుమారు 25 శాతం పెద్దదైంది. కొత్త లెక్క తప్పు కాదు, పాతది చూడని వ్యాపారాలను అది చూసింది. కానీ ఆ రోజు ఏ ఇంట్లోనూ అదనంగా ఒక ముద్ద వండలేదు.

అపోహ: ఆయుర్దాయం 50 అంటే ఆ దేశంలో ముసలివాళ్లే ఉండరు.

వాస్తవం: 2000 ప్రాంతంలో బోట్స్వానా ఆయుర్దాయం 50 చుట్టూ పడిపోయింది. ఆ ఏడాది ఏ వయసువాళ్లు ఎంతమంది పోతున్నారో, అదే తీరు చివరిదాకా సాగితే ఇవాళ పుట్టిన బిడ్డ సగటున ఎన్నేళ్లు బతుకుతుందన్నదే ఆ అంకె. హెచ్ఐవీ అప్పుడు పాతిక, ముప్పై, నలభై ఏళ్లవాళ్లను తీసుకుపోతోంది. అందుకే సగటు కుప్పకూలింది. ముసలివాళ్లు ఉన్నారు, మధ్య తరమే లేదు. ఆ కాలపు సర్వే కాగితాల్లో కుటుంబ సభ్యుల పట్టీ చూస్తే అమ్మమ్మ, ముగ్గురు మనవలు, అంతే. ఎన్ని పట్టీలు చూసినా ఆ ఖాళీకి నేను అలవాటు పడలేదు.

గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఏమిటంటే, ఆయుర్దాయం పడిపోతున్న ఆ ఏళ్లలోనే తలసరి ఆదాయం పెరుగుతూ వచ్చింది. ఆదాయం పట్టీ ఒక్కటే చూసినవాడికి దేశం వెలిగిపోతున్నట్టుంటుంది.

పరిస్థితి మార్చినవి మందులే. 2002 జనవరిలో బోట్స్వానా 'మాసా' కార్యక్రమంతో పౌరులకు ఉచితంగా హెచ్ఐవీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. సెట్స్వానా భాషలో మాసా అంటే కొత్త ఉదయం. పెద్దల్లో ఇప్పటికీ ఐదుగురిలో ఒకరికి ఆ వైరస్ ఉంది, కానీ చాలామంది మందులు వాడుతూ పని చేసుకుంటూ పిల్లల్ని పెంచుకుంటున్నారు. అలాంటి దేశంలోనే 2025 ఆగస్టులో ఆస్పత్రులకు మందులు కరవై, అధ్యక్షుడు డూమా బోకో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. వజ్రాల అమ్మకాలు పడిపోయి ఖజానా చిక్కిపోయిన సమయం అది.

అపోహ: బోట్స్వానాకు వజ్రాలు దొరికాయి, జాంబియాకు అదృష్టం లేదు.

వాస్తవం: 1964లో స్వాతంత్ర్యం వచ్చేనాటికే జాంబియాకు రాగి గనులు, రైలు, పట్టణాలు ఉన్నాయి. 1966లో బోట్స్వానాకు ఉన్న తారు రోడ్డు 12 కిలోమీటర్లేనని చెబుతారు. 1967లో వజ్రాలు బయటపడిన ఒరాపా, తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగ నేల. అయినా ఖనిజాలు తెగవి కావు, దేశానివి అని చట్టం చేశారు. నా దృష్టిలో వజ్రాలకంటే విలువైనది ఆ చట్టం. జాంబియాను 1970ల నడిమిలో పడిపోయిన రాగి ధర దెబ్బతీసింది, తర్వాత అప్పులు కుంగదీశాయి. 2020లో అప్పు వాయిదా కట్టలేకపోయింది. అదే జాంబియా 2022 నుంచి సెకండరీ దాకా ప్రభుత్వ బడుల్లో ఫీజులు ఎత్తేసింది. మానేసిన పిల్లలు బడికి తిరిగొచ్చారు.

అపోహ: నిరుద్యోగం తక్కువుంటే జనం బాగున్నట్టే.

వాస్తవం: బోట్స్వానాలో నిరుద్యోగం 20 శాతం పైన, జాంబియాలో అంతకంటే తక్కువ. పని లేకుండా కూర్చునే వీలు లేనివాళ్లు జాంబియా రాజధాని లుసాకా వీధిలో టమాటాలు గుట్టలు పోసి అమ్ముతారు, లెక్కలో వాళ్లు ఉద్యోగులే.

అపోహ: ఇల్లంటే ఒకటే, తలుపు కొడితే కుటుంబం కనిపిస్తుంది.

వాస్తవం: సెట్స్వానా కుటుంబానికి ఆనవాయితీగా మూడు చోట్లుంటాయి: ఊళ్లో ఇల్లు, 'మసిమో' అనే పొలం, 'మొరాకా' అనే పశువుల మకాం. దుక్కుల కాలంలో ఊళ్లోకి వెళ్లిన సర్వే మనిషికి ఇంట్లో పిల్లలే దొరుకుతారు. ఆవులు ఎన్నో వాళ్లకు తెలియదు. ఆస్తి లెక్క అక్కడే చెడుతుంది.

అపోహ: మానవాభివృద్ధి సూచికలో పైనున్న దేశమే ఉద్యోగానికి వెళ్లే మనకూ మంచిది.

వాస్తవం: ఆ సూచికలో బోట్స్వానాదే పైచేయి. కానీ అది కొలిచేది ఆయుర్దాయం, చదువు, ఆదాయం, అదీ అక్కడి ప్రజలవి. కరెంటు వస్తుందా అన్నది అందులో లేదు. జాంబియా కరెంటులో ఎక్కువ భాగం జలవిద్యుత్తే. 2024 కరవులో కరీబా జలాశయం అడుగంటి, చాలా ఇళ్లకు రోజులో కొద్ది గంటలే కరెంటు వచ్చింది. మొక్కజొన్న పంట సగానికి పడిపోయి, మన సంకటిలాంటి వాళ్ల న్షిమాకు వాడే పిండి ధర మండిపోయింది. లుసాకాకు వెళ్లేవాళ్లు అద్దె ఎంత అని అడిగేముందు ఇంటికి సోలార్ ఉందా, బోరు ఉందా అని అడగండి. గాబరోన్‌కు వెళ్లేవాళ్లు రోజూ వాడే మందులుంటే అక్కడి ఫార్మసీలో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.