నేలే అరుస్తుంటే బంగారం ఎలా వినపడుతుంది?

మెల్‌బోర్న్ నుంచి రెండున్నర గంటలు కారులో వెళ్తే డనోలీ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరు దాటగానే యూకలిప్టస్ అడవి, దాని కింద ఎర్రమట్టి. అనంతపురం చేలు చూసినవాళ్లకు ఆ రంగు కొత్తగా అనిపించదు. మొదటిసారి అక్కడ మెటల్ డిటెక్టర్ ఆన్ చేసి, దాని చివరనున్న పళ్లెంలాంటి కాయిల్‌ను నేలకు దగ్గరగా తేగానే హెడ్‌ఫోన్స్‌లో ఒకటే గోల. ఎటు ఊపినా మోతే. అడుగడుగునా ఏదో ఉందనుకుని గంటసేపు తవ్వాను. తొమ్మిది గుంతల్లోనూ మట్టి, చింతపిక్కంత నల్లరాళ్లు తప్ప ఏమీ దొరకలేదు. యంత్రం పాడైందేమో అనుకున్నాను. కానీ అది సరిగ్గానే పనిచేస్తోంది, విన్నదే చెబుతోంది. మోగుతున్నది అక్కడి నేల.

డిటెక్టర్ పని చేసే తీరు ఇంట్లో ఇండక్షన్ స్టవ్‌కు దగ్గరి చుట్టం. కాయిల్‌లో ఉన్న రాగితీగ చుట్టలో కరెంటు సెకనుకు వేలసార్లు అటూ ఇటూ మారుతుంది. దాంతోపాటే చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రమూ మారుతుంది. కింద లోహం ఉంటే అందులో సుడి ప్రవాహాలు, అంటే సుళ్లు తిరిగే కరెంట్లు, పుడతాయి. స్టవ్ మీద అవి గిన్నెను వేడెక్కిస్తాయి. ఇక్కడ అవి తమదైన ఒక చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే, రెండో చుట్ట దాన్ని పసిగడుతుంది. అయితే లోతు పెరిగేకొద్దీ ఈ సంకేతం ఘోరంగా పడిపోతుంది. వెళ్లేటప్పుడు దూరపు ఘనానికి తగ్గట్టు పడిపోతుంది, వచ్చేటప్పుడు మళ్లీ అంతే. చిన్న ముక్క ఉన్న లోతు రెట్టింపైతే సంకేతం దాదాపు 64వ వంతే మిగులుతుంది. అడుగు లోతున ఉన్న బంగారపు పలుకు గుసగుసలాడుతుంటే, కాయిల్‌కు ఆనుకునే ఉన్న మట్టి చెవిలో అరుస్తుంటుంది.

మట్టి ఎందుకు అరుస్తుంది? ఇనుము వల్ల. ఎర్రమట్టికి ఎరుపు ఇచ్చే ఇనుప ఆక్సైడ్లలో చాలావరకు అయస్కాంతానికి పెద్దగా స్పందించవు. తంటా అంతా మాగ్నటైట్‌తోనూ, దాని తమ్ముడిలాంటి మ్యాగ్‌హెమైట్‌తోనూ. ఈ మ్యాగ్‌హెమైట్ తయారయ్యే పద్ధతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అడవి తగలబడినప్పుడు పైమట్టి వేడెక్కుతుంది, రాలిన ఆకులూ వేళ్లూ కాలుతుంటే అక్కడ ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ పరిస్థితిలో మామూలు ఇనుప ఖనిజం అయస్కాంత గుణమున్న మ్యాగ్‌హెమైట్‌గా మారుతుంది. ఆస్ట్రేలియా వేల ఏళ్లుగా కార్చిచ్చులు చూసిన నేల. నేను తవ్విన ఆ నల్లరాళ్లు కూడా ఇలాంటి ఇనుపరాళ్లే. ఇక్కడివాళ్లు వాటిని హాట్ రాక్స్ అంటారు. పాత చలిమంట చోటు మీద కాయిల్ ఊపినా మోగుతుంది. నిప్పు ఆరి ఎన్నేళ్లయినా మట్టి ఆ వేడిని మర్చిపోదు.

చుట్టూ ఉన్నది అడ్డుపడటం ఈ యంత్రానికి పుట్టుకతో వచ్చిన సమస్య. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి గ్రాహం బెల్ ఇలాంటి పరికరాన్నే తెచ్చాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు దాన్ని తికమకపెట్టాయి. తూటా దొరకలేదు, అధ్యక్షుడు దక్కలేదు. వెతికే వస్తువు కంటే దాని చుట్టూ ఉన్నదే పెద్దగా పలకడం అప్పటినుంచీ ఉంది.

దీనికి మొదటి విరుగుడు గ్రౌండ్ బ్యాలెన్స్. ఇనుప ఖనిజమున్న మట్టి జవాబు దాదాపు వెంటనే వస్తుంది. లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి తిరగాలి కాబట్టి దాని జవాబు కాస్త వెనకబడుతుంది. లోహం లేదని తేల్చుకున్న చోట కాయిల్‌ను పైకీ కిందకీ పంపు కొట్టినట్టు ఆడిస్తే, యంత్రం ఆ మట్టి జవాబును గుర్తుపెట్టుకుని దాన్ని తీసేసి మిగతాది వినిపిస్తుంది. మట్టి అంతా ఒకేలా ఉన్నచోట ఇది చక్కగా సరిపోతుంది. డనోలీలో పది అడుగులు వేస్తే మట్టి మారిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు విసుక్కునేది అక్కడే. పొద్దున ఒకసారి బ్యాలెన్స్ చేసి సాయంత్రం దాకా దాని మీదే నడుస్తారు, నేనూ అదే చేశాను. అనుభవం ఉన్నవాళ్లు ప్రతి కొద్ది నిమిషాలకీ మళ్లీ చేస్తారు.

అసలు మలుపు పల్స్ ఇండక్షన్‌తో వచ్చింది. ఈ పద్ధతిలో యంత్రం ఒకేసారి పంపుతూ వింటూ ఉండదు. ఒక్క దెబ్బ కొట్టి, ఆగి, అప్పుడు వింటుంది. గుడి గంట కొట్టి చెయ్యి తీసేశాక మోత ఎంతసేపు నిలుస్తుందో వినడం లాంటిది. క్షేత్రం ఆగిన కొన్ని మైక్రోసెకన్ల తర్వాత కూడా లోహంలో సుడి ప్రవాహాలు మెల్లగా చల్లారుతుంటాయి. మాగ్నటైట్ పెద్ద రేణువులు వెంటనే ఊరుకుంటాయి. అక్కడితో అయిపోతే బాగుండేది. మ్యాగ్‌హెమైట్‌లో మిల్లీమీటరులో లక్షో వంతుకు అటూఇటూ ఉండే అతి సన్నని రేణువులు కూడా ఉంటాయి. అవి ఒక్కొక్కటి ఒక్కో వేగంతో చల్లారుతూ, కలిసి సంకేతం చివర ఒక తోకను మిగులుస్తాయి. కాలం రెట్టింపైతే ఆ తోక ఇంచుమించు సగమవుతుంది. లోహం జవాబు అలా ఉండదు. మొదట్లో నిలిచి, తర్వాత ఒక్కసారిగా జారిపోతుంది. ఆ రెండు వంపుల మధ్య తేడాయే మనకున్న ఆధారం. వేర్వేరు పొడవుల దెబ్బలు కొట్టి, వేర్వేరు క్షణాల్లో విని, లెక్కకట్టి మట్టి తోకను తీసేస్తారు. అడిలైడ్‌కు చెందిన బ్రూస్ క్యాండీ ఈ ఆలోచనను యంత్రంగా మలిచారు. 1995లో మైన్‌ల్యాబ్ కంపెనీ ఎస్‌డీ2000 డిటెక్టర్ బయటికొచ్చాక, అంతకుముందు అందరూ వెతికి వదిలేసిన నేలల్లోంచి మళ్లీ బంగారం రావడం మొదలైంది.

అప్పటిదాకా వాటిని ఉత్త నేలలనే అనుకున్నారు. 1851 నుంచి వేలమంది తవ్విన ప్రాంతమిది. డనోలీ పక్కనే మోలియాగుల్‌లో 1869లో చెట్టు వేళ్ల దగ్గర, పైమట్టికి మూడు సెంటీమీటర్ల కింద, 70 కిలోలకు పైగా బంగారమున్న ముద్ద దొరికింది. దాన్ని తూచే త్రాసు లేక డనోలీలో దాగలి మీద పెట్టి ముక్కలు చేయాల్సి వచ్చింది. 1980లో ఈ ప్రాంతంలోనే కింగోవర్ దగ్గర ఒక డిటెక్టర్‌కు 27 కిలోల ముద్ద తగిలింది. చిన్న పలుకులు మాత్రం మట్టి అరుపుల్లో కలిసిపోయి ఉండిపోయాయి. నా నమ్మకం కూడా ఇదే. ఈ రోజుల్లో వెతకాల్సింది మంచి నేలలో కాదు, అందరూ తిట్టుకునే నేలలో.

ఇలా మట్టి తోకను తీసేయడానికీ కొంత మూల్యం ఉంది. ఏ లోహపు ముక్క చల్లారే తీరు మట్టి తోకను పోలి ఉంటుందో, దాన్ని కూడా యంత్రం మట్టి కింద కొట్టేస్తుంది. ఉప్పునేలల్లో ఇంకో చిక్కు. తడిసిన ఉప్పుమట్టిలో కరెంటు పారుతుంది కాబట్టి అక్కడా సుడి ప్రవాహాలు పుడతాయి, చిన్న బంగారం లాగే త్వరగా చల్లారతాయి. అది వినిపించకూడదంటే కాస్త ఆలస్యంగా వినాలి. ఆ ఆలస్యంలో చిన్న బంగారమూ పోతుంది.

ఈ తంటా సరదా వెతుకులాటకే పరిమితం కాదు. కంబోడియా లాంటి దేశాల్లో ఇనుము ఎక్కువున్న ఎర్రని లాటరైట్ నేలల్లో మందుపాతరలు తీసేవాళ్లకు ఎదురయ్యేదీ ఇదే. ప్లాస్టిక్ మందుపాతరలో ఉండేది గుండుసూదంత లోహం. నేను ఒక సంకేతం తప్పిస్తే పోయేది ఓ మధ్యాహ్నం. వాళ్లకు అలా కాదు.

మా నాన్నకు ఫోన్‌లో ఈ సంగతులు చెబితే, “ఒరే, దొరికింది సర్కారు నీకే వదిలేస్తుందా?” అన్నారు. డనోలీ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మైనర్స్ రైట్ అనే అనుమతి తీసుకుంటే పదేళ్లు చెల్లుతుంది, అనుమతించిన ప్రభుత్వ భూముల్లో చేతి పనిముట్లతో వెతికి దొరికింది ఉంచుకోవచ్చు. తవ్విన ప్రతి గుంతా పూడ్చాలి. మన దగ్గర అలా కుదరదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాచిన, పది రూపాయలకు మించిన విలువ గలది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. గుప్తనిధుల ఆశతో డిటెక్టర్లు పట్టుకుని పాత గుళ్లలో నంది విగ్రహాలను పెకలించేవాళ్ల వార్తలు చదివితే కడుపు రగిలిపోతుంది. అక్కడ పోయే చరిత్రను ఏ బంగారమూ తిరిగి తేలేదు.

నేల గుణం తెలుసుకోవడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి భీమిలి ఒడ్డున నల్ల ఇసుక చారల్లో ఆడించండి. మాగ్నటైట్ రేణువులు గడ్డంలా వేలాడతాయి. పైన అలల ఉప్పు, కింద ఆ ఇసుక. డిటెక్టర్‌కు అంతకంటే కష్టమైన చోటు దొరకడం అరుదు.

పోయిన నెల మళ్లీ డనోలీ వెళ్లాను. ఒక ఎండిన వాగు గట్టున సన్నగా ఏదో కదిలింది, మట్టి గోలలో సగం మునిగిన శబ్దం. అడ్డంగా ఊపి చూశాను, ఉంది. చిన్న పలుగుతో రెండంగుళాల పైమట్టి గీరేశాను. నేల శబ్దమైతే ఆ మట్టితో పాటే పోవాలి. పోలేదు, ఇంకా తేటపడింది. ఇంకో జానెడు తవ్వాక గుంత మూగబోయింది. తీసిన మట్టిని గుప్పెళ్లుగా కాయిల్ మీద వేస్తూ పోతే, నాలుగో గుప్పెట్లో మోగింది. అరచేతిలో పరిచి, వేలితో నెడుతూ, ఉమ్మితో తుడిచాను. మెంతి గింజంత పలుకు, మహా అయితే మూడో వంతు గ్రాము. సీసాలో వేసి మూత బిగించి, గుంత పూడ్చి, పైన ఆకులు సర్ది, మళ్లీ కాయిల్‌ను పైకీ కిందకీ ఆడించడం మొదలుపెట్టాను.