షుగర్ ఉన్నవారిలో మలబద్ధకం: అపోహలు - వాస్తవాలు

షుగర్ రిపోర్టులు చూపించి, మందులు రాయించుకుని, తలుపు దాకా వెళ్లాక "డాక్టర్ గారూ, మోషన్ సరిగ్గా కావట్లేదు" అనేవాళ్లు చాలామంది. కొంత మొహమాటం, కొంత ఇది వేరే జబ్బు అన్న నమ్మకం.

అపోహ: షుగర్‌కీ మలబద్ధకానికీ సంబంధం లేదు.

ఉంది. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతిన్నట్టే పేగుల్ని కదిలించే నరాలూ దెబ్బతింటాయి. షుగర్ బాగా పెరిగితే మూత్రం ఎక్కువగా పోయి, ఒంట్లో నీరు తగ్గి మలం గట్టిపడుతుంది. కొందరిలో ఇవే నరాల దెబ్బ రాత్రిపూట నీళ్ల విరేచనాలుగానూ బయటపడుతుంది.

అపోహ: అంతా షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వల్లే.

పాపం, ప్రతి కడుపు బాధకీ దాన్నే తిడతారు. దానితో ఎక్కువగా వచ్చేవి వికారం, విరేచనాలు. మలబద్ధకం అనగానే నేను మిగతా మాత్రలన్నీ బల్ల మీద పెట్టమంటాను. ఐరన్, కాల్షియం, కాళ్ల మంటలకిచ్చే అమిట్రిప్టిలిన్, నొప్పులకు వాడే ట్రమడాల్... అసలు కారణం తరచూ ఆ స్ట్రిప్పుల్లోనే దొరుకుతుంది. షుగర్‌కి ఇచ్చే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లతోనూ మలబద్ధకం రావచ్చు. అలాగని ఏదీ సొంతంగా ఆపేయకండి. థైరాయిడ్ మందగించినా మలబద్ధకం వస్తుంది, ఆ పరీక్ష చేయించి చాలాకాలమైతే అదీ చూడాలి.

అపోహ: పీచు ఎంత తింటే అంత మంచిది.

ఇక్కడే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. పెద్దవాళ్లకు రోజుకు సుమారు 25-30 గ్రాముల పీచు చాలు. దాన్ని ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం, గ్యాస్ తప్పవు. కొన్ని వారాలు తీసుకుని మెల్లగా పెంచాలి. ఇసబ్‌గోల్ అయితే నిండు గ్లాసు నీళ్లతోనే తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లు తగ్గించమని చెప్పినవారు మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి.

నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, గంటల కిందట తిన్నది అరగకుండా వాంతిలో రావడం ఉంటే కథ వేరు. జీర్ణాశయమే నెమ్మదించిందేమో చూడాలి. అలాంటివారికి పీచు పెంచితే బాధ పెరుగుతుంది. తక్కువ పీచుతో, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినమంటాం. ఇన్సులిన్ తీసుకునేవారిలో ఇంకో చిక్కుంది. తిన్నది ఇంకా కడుపులోనే ఉండగా ఇన్సులిన్ పని మొదలుపెడుతుంది. భోజనం చేసిన కాసేపటికే షుగర్ పడిపోతుంది, కొన్ని గంటలకు బాగా పెరుగుతుంది. "తిన్నా కూడా లో అవుతోంది" అని ఎవరైనా అంటే నా అనుమానం ముందు కడుపు మీదికే పోతుంది.

అపోహ: మలబద్ధకానికిచ్చే సిరప్ తియ్యగా ఉంటుంది, షుగర్ పెరుగుతుంది.

ఆ సిరప్‌లోని లాక్టులోజ్ దాదాపుగా రక్తంలోకి చేరదు. మామూలు మోతాదుకి టెన్షన్ అక్కర్లేదు. ఎక్కువ మోతాదులో వాడాల్సి వస్తే రీడింగులు చూసుకుంటే చాలు. నిజంగా జాగ్రత్త పడాల్సింది మెగ్నీషియం ఉన్న మందులతో. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఆ మెగ్నీషియం ఒంట్లో పేరుకుపోతుంది.

అపోహ: షుగర్‌ఫ్రీ మిఠాయిలు కడుపుకి ఏమీ చేయవు.

తీపి కోసం కలిపే సార్బిటాల్, మాల్టిటాల్ ఉన్నవి ఎక్కువ తింటే ఉబ్బరం, విరేచనాలు రావచ్చు. పేరు వెనకున్న లేబుల్ చదవండి.

అపోహ: గట్టిగా ముక్కితే అదే అవుతుంది.

షుగర్ వల్ల కంటి వెనక పొరలో (రెటీనాలో) కొత్త రక్తనాళాలు పుట్టినవారికి ఇది మంచిది కాదు, అక్కడ రక్తస్రావం కావచ్చు. టిఫిన్ చేసిన తర్వాత పేగుల కదలిక పెరుగుతుంది, అప్పుడు కూర్చోండి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట పెట్టుకోండి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నడివయసు దాటాక మోషన్‌లో కొత్తగా మొదలైన మార్పు ఉంటే షుగర్ మీద నెట్టేయకుండా వెంటనే చూపించుకోండి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.